కోరింగ వైపు కాలువల్లో పూడిక తీసిన ఏడాదే మళ్లీ ఎందుకు నిండిపోతుంది? అది వరద మట్టేనా?

వేసవిలో నిండేది వరద మట్టి కాదండి. మార్చి నుంచి మే దాకా ధవళేశ్వరం బ్యారేజీ దిగువకి వదిలే నీళ్లే నామమాత్రం. ఇక మట్టి ఎక్కణ్ణించి దిగుతుంది? టీవీలో ఎవరో 'గోదావరి మోసుకొచ్చిన పూడిక' అంటే మనం తలూపేస్తాం.

కోరింగ మడ అడవుల్లో పారే గాడేరు అనే ఏరు పక్క, ఉప్పుటేరు మీద మాకు రొయ్యల చెరువులుండేవి. ఏరు నుంచి తూము దాకా రైతులం కలిసి తవ్వుకున్న కాలువ. ఒక వేసవి పొక్లెయిన్ పెట్టి మోకాలి లోతు బురద ఎత్తించాం. పక్కన నిలబడి చూస్తున్న మా బాబాయి, వల మీద బతికిన మనిషి, "ఎత్తండి, ఎత్తండి. పోటు కూలి అడక్కుండా మళ్లీ తెచ్చి పోస్తాది" అన్నాడు. తర్వాతి అమావాస్య పోట్లు దాటాక కాలువలోకి దిగితే పిక్కల దాకా కూరుకుపోయాను.

వరదల్లో ఆయనే రెండు సీసాల్లో ఎర్రనీళ్లు పట్టి, ఒకదాంట్లో గుప్పెడు కల్లుప్పు వేసి షెడ్డు గట్టు మీద పెట్టాడు. ఉప్పు వేసిన దాంట్లో సన్నమట్టి విరిగిన పాలలా తునకలు కట్టి, చూస్తుండగానే అడుక్కి దిగింది. రెండోది మర్నాటికీ ఎర్రగానే ఉంది. సముద్రపు నీరు తగిలిన చోట గోదావరి పాయ గౌతమిలో జరిగేదీ అదే.

మట్టి పుట్టింది ఎగువనే, కాదనను. వరదకి నది మొగ దాటి కాకినాడ అఖాతంలో కూర్చున్న దాన్ని వేసవి పోటు వెనక్కి తెస్తుంది. లోతు తక్కువ ఏర్లలో పోటు జోరుగా, తక్కువ సేపట్లో ఎక్కేస్తుంది, నీరు వెనక్కి తీయడం మాత్రం నిదానంగా తీస్తుంది. ఎక్కేటప్పుడు అడుగు బురదని రేపి లోపలికి మోస్తుంది. నిండు పోటు మీద నీరు కాసేపు నిలబడుతుంది కదా, మట్టి దిగేది అప్పుడే. దిగి బిగుసుకున్న ఒండ్రుని మళ్లీ లేపాలంటే ఇంకా జోరైన నీరు కావాలి. తీసే నీటికి ఆ ఊపు ఉండదు. అందులోనూ మాది ఒక వైపు మూసిన కాలువ. వచ్చింది వచ్చినట్టు ఉండిపోతుంది. అష్టమి రోజుల్లో పోటు చప్పగా ఉంటుంది కాబట్టి నీళ్లు తేటగా కనిపిస్తాయి. అది చూసి ఆఫీసర్లు 'ఇక్కడ పూడిక సమస్యే లేదు' అని రాసుకుపోతారు. పోటు జోరుగా ఉండే అమావాస్యకి రమ్మనండి, చెప్తాను.

దయచేసి ఇసుక మేటలతో దీన్ని కలపకండి. ఇసుక చాలావరకు అడుగున దొర్లుతుంది, ఒండ్రు నీళ్లలో తేలుతూ అటూ ఇటూ తిరుగుతుంది. టెండర్ రాసేవాళ్లకి రెండూ ఒకటే, క్యూబిక్ మీటర్లే.

మేం తర్వాత ఒక చెరువుని ఖాళీగా వదిలేశాం. పోటు నీళ్లు ముందు అందులోకి పెట్టి, మట్టి దిగాక మిగతా చెరువులకి తోడేవాళ్లం. తూము కూడా పోటు మొదట్లో ఎత్తకూడదు, అప్పుడే బురద ఎక్కువ. నిండు పోటుకి దగ్గర పడ్డాక ఎత్తి, నీళ్లు పట్టగానే దించేయాలి. ఒక చెరువు పంట పోతుందని పక్క రైతులు ఒప్పుకోలేదు. వాళ్లు ఏటా పొక్లెయిన్‌కి అడ్వాన్సు ఇస్తూనే ఉన్నారు.