జీతం లేని ఓపెన్ సోర్స్ పని మా అమ్మాయికి ఉద్యోగం తెచ్చిపెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. సైకిల్ లేన్లలో గుంతలు, అడ్డంగా నిలిపిన వాహనాలు, చెరిగిపోయిన గీతల వంటి సమస్యలను ప్రజలు తెలియజేయడానికి వీలు కల్పించే ఒక ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకోగల) వెబ్ యాప్ కోసం ఐదు నెలలుగా రాత్రుళ్లు కూర్చుని కోడ్ రాస్తోంది. ఇందులో డబ్బు రాదు, సర్టిఫికెట్ కూడా ఇవ్వరు. తోటివాళ్లందరూ ప్రోగ్రామింగ్ పోటీలకు సిద్ధమవుతున్నారు. ఈ పని మానేయమని చెప్పాలా?

జవాబు: మానేయమని చెప్పకండి. అయితే ఆ ఐదు నెలల్లో ఆమె ఏం చేసిందో ఒకసారి పక్కన కూర్చుని అడిగి తెలుసుకోండి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసి నా దగ్గరకు వచ్చే విద్యార్థులలో కొందరు అక్షరదోషాలు దిద్దడం, బటన్ రంగు మార్చడం వంటి చిన్న మార్పులు యాభై దాకా చేసి ఆ సంఖ్యను రెజ్యూమేలో రాసుకుంటారు. మరికొందరు ఒకే సమస్యను పట్టుకుని, అది ఎందుకు వచ్చిందో, ఎవరిని ఇబ్బంది పెడుతోందో తెలుసుకుని, కోడ్ రాసి, దాన్ని పరిశీలించిన సీనియర్ల అభ్యంతరాలకు జవాబు చెప్పి, అది వాడేవారి చేతికి చేరేదాకా వదలరు. ఇంటర్వ్యూలో గట్టిగా నిలబడేది ఈ రెండో తరహావారే. మీ అమ్మాయి ఎంచుకున్న యాప్ అలాంటి సమస్యలకు గని వంటిది.

పైకి చూస్తే అది చాలా మామూలు పని. సైకిల్ మీద వెళ్తున్న మనిషి ఆగి, ఫోన్ తీసి, గుంతను ఫోటో తీసి, మ్యాప్ మీద చోటు గుర్తించి పంపిస్తాడు. కానీ ఆరుబయట కూడా ఫోన్ చూపించే స్థానంలో సుమారు ఐదు మీటర్ల తేడా ఉండవచ్చు, ఎత్తయిన భవనాల మధ్య అది ఇంకా పెరుగుతుంది. రోడ్డుకు రెండు వైపులా సైకిల్ లేన్లు ఉన్నచోట ఆ కాస్త తేడాతోనే ఫిర్యాదు ఎదుటి లేన్‌కు వెళ్లిపోతుంది, మరమ్మతుకు వచ్చినవారు గుంత కనిపించక తిరిగి వెళ్లిపోతారు. అదే గుంత గురించి నలుగురు నాలుగు ఫిర్యాదులు పంపినప్పుడు వాటిని ఒకటిగా కలపాలా, వద్దా అన్నది మరో చిక్కు. దూరం ఒక్కటే చూసి కలిపేస్తే గుంత, దాని పక్కనే అడ్డంగా నిలిపిన వాహనం ఒకే ఫిర్యాదైపోతాయి. అసలు కలపకపోతే అధికారులు విసిగిపోయి చూడటమే మానేస్తారు. దూరాన్ని, సమస్య రకాన్ని, పంపిన సమయాన్ని కలిపి ఎలా నిర్ణయించాలో ఆలోచించిన విద్యార్థికి, పాఠ్యపుస్తకంలోని లెక్క చేసిన విద్యార్థికి మధ్య తేడా ఇంటర్వ్యూ చేసేవారికి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇలాంటి మ్యాప్ యాప్ మీదే పనిచేసిన ఒక విద్యార్థికి ఒక రోజు వచ్చిన ఫిర్యాదులన్నీ సముద్రం మధ్యలో కనిపించాయి. సర్వర్‌ను, డేటాబేస్‌ను రెండు రోజులు వెతికాక అతనికి కారణం దొరికింది. మ్యాప్ సమాచారాన్ని పంపే జియోజేసన్ పద్ధతిలో రేఖాంశం ముందు, అక్షాంశం తరువాత వస్తాయి. మ్యాప్‌ను తెరపై చూపే లీఫ్‌లెట్ లైబ్రరీ మాత్రం అక్షాంశాన్నే ముందు అడుగుతుంది. అతను ఆ రెండు సంఖ్యల వరుసను మార్చి ఊరుకోలేదు. అదే తప్పు మళ్లీ జరిగితే వెంటనే పట్టుకునే పరీక్షను కూడా కోడ్‌లో చేర్చాడు. ఇంటర్వ్యూలో అతనిని ఎక్కువసేపు అడిగింది ఆ పరీక్ష గురించే.

ఫిర్యాదు ఏ కార్యాలయానికి వెళ్లాలి, అక్కడ దాన్ని పట్టించుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది అన్నవి ఇంకా లోతైన ప్రశ్నలు. బ్రిటన్‌లో మైసొసైటీ అనే సంస్థ 2007లో ప్రారంభించిన, రోడ్డు సమస్యలపై ఫిర్యాదులు పంపే ఫిక్స్‌మైస్ట్రీట్ వెబ్‌సైట్ గురించి మీ అమ్మాయి తప్పకుండా చదవాలి. అది కూడా ఓపెన్ సోర్సే కనుక కోడంతా చూడవచ్చు. మ్యాప్ మీద గుర్తించిన చోటు ఏ స్థానిక సంస్థ పరిధిలోకి వస్తుందో సరిహద్దుల ఆధారంగా అదే తేల్చుకుని ఫిర్యాదును అక్కడికి పంపుతుంది. నాలుగు వారాల తరువాత, సమస్య నిజంగా పరిష్కారమైందా అని ఫిర్యాదు చేసినవారినే అడుగుతుంది. నాకు దానిలో అన్నిటికన్నా నచ్చేది ఆ చివరి ప్రశ్నే, ఎందుకంటే కాగితం మీద మూసేసిన ఫిర్యాదుకూ పూడ్చిన గుంతకూ ఉన్న తేడా దానితోనే బయటపడుతుంది. అదే కోడ్ ఆధారంగా సైకిల్ ప్రమాదాలను, త్రుటిలో తప్పిన ప్రమాదాలను నమోదు చేసే కొలైడియోస్కోప్ కూడా తరువాత వచ్చింది.

ఫోటోల విషయంలో జాగ్రత్త అవసరం. ఫోన్‌లో తీసిన ఫోటో ఫైలులో తీసిన చోటు, సమయం దాగి ఉండవచ్చు. ఫోటోలో బాటసారుల ముఖాలు, వాహనాల నంబర్లు పడవచ్చు. వాటిని ప్రచురించే ముందు తొలగించే భాగాన్ని రాసినవారికి వ్యక్తిగత సమాచార రక్షణ అంటే ఏమిటో వేరే కోర్సు చెప్పనవసరం లేదు. లైసెన్సులు, అంటే ఇతరుల కోడ్‌ను, మ్యాప్‌లను వాడుకునే షరతులు కూడా అంతే. ప్రజలే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను వాడితే దాని పేరు ఎందుకు పేర్కొనాలో, ఏజీపీఎల్ లైసెన్సు ఉన్న కోడ్‌ను మార్చి సర్వర్ మీద నడిపేవారు ఆ మార్పుల కోడ్‌ను వాడకందారులకు ఎందుకు అందుబాటులో ఉంచాలో ఆమె నాలుగు మాటల్లో చెప్పగలగాలి.

ఇక మీ అసలు ఆందోళన గురించి. ప్రోగ్రామింగ్ పోటీలకు చేసే సాధన వృథా కాదు, చాలా కంపెనీల మొదటి వడపోత అలాంటి ప్రశ్నలతోనే జరుగుతుంది కనుక మీ అమ్మాయి దాన్ని పూర్తిగా వదిలేయకూడదు. వారంలో ఎనిమిది గంటలు యాప్‌కు, రోజుకు ఒక గంట ఆ ప్రశ్నలకు పునాది అయిన డేటా స్ట్రక్చర్ల (సమాచారాన్ని అమర్చే పద్ధతుల) సాధనకు కేటాయించమనండి. పరీక్షల నెలలో యాప్ పని ఆపి, ఆ సంగతి ప్రాజెక్టు నిర్వాహకులకు ముందుగా తెలియజేయమనండి. చెప్పకుండా మాయమైనవారిని ఎవరూ సిఫారసు చేయరు. రాత్రుళ్లు మేలుకోవడం మాత్రం వద్దు.

ప్రాజెక్టు సజీవంగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఆమె పంపిన పుల్ రిక్వెస్టులకు (తన మార్పులను ప్రాజెక్టులో చేర్చమనే అభ్యర్థనలకు) వారాల తరబడి ఎవరూ బదులివ్వకపోతే ఆమె నేర్చుకునేది సగమే, ఎందుకంటే ఈ పనిలో అసలు చదువు రివ్యూలోనే, అంటే సీనియర్లు కోడ్‌ను పరిశీలించి చెప్పే మాటల్లోనే ఉంది. అప్పుడు ఇదే రంగంలో చురుకుగా ఉన్న మరో ప్రాజెక్టుకు మారడం మంచిది. డబ్బు రాదన్నారు కదా, 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ వంటి కార్యక్రమాల్లో ఎంపికైనవారికి భృతి ఇస్తారు. ముందునుంచీ ఆ ప్రాజెక్టులో పనిచేసి నిర్వాహకులకు పరిచయమైనవారి దరఖాస్తు అక్కడ బలంగా ఉంటుంది. మ్యాప్ సాంకేతికత, రవాణా ప్రణాళిక, ప్రభుత్వ సేవల సాఫ్ట్‌వేర్ రంగాల్లోనూ ఈ అనుభవానికి నేరుగా విలువ ఉంది.

రెజ్యూమేలో "ఓపెన్ సోర్స్‌లో పాల్గొన్నాను" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ సమస్యను తీసుకుంది, ముందు పరిస్థితి ఎలా ఉంది, తన మార్పు తరువాత ఏం మారింది అన్నది రెండు వాక్యాల్లో రాసి, ఆ పుల్ రిక్వెస్ట్ లింకు ఇవ్వాలి. వీలైతే ఒక ఉదయం సైకిల్ తొక్కేవారి వెంట వెళ్లి, ఎండ పడుతున్న తెర మీద, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని వాళ్లు ఆ యాప్‌ను ఎలా వాడుతున్నారో చూసి రమ్మనండి. తరువాత ఏ సమస్య తీసుకోవాలో అక్కడే తెలుస్తుంది.

ఈ సాయంత్రం మీరు చేయవలసిన పని ఒకటుంది. ఆ యాప్‌లో నిజంగా వచ్చిన ఒక ఫిర్యాదును తెరిచి, అది చేరిన క్షణం నుంచి పరిష్కారమయ్యేదాకా ఏమేం జరుగుతుందో, అందులో తన కోడ్ ఎక్కడ ఉందో మీకు చూపించమని ఆమెను అడగండి. మీకు కోడ్ రాకపోయినా అర్థమయ్యేలా ఆమె చెప్పగలిగితే, ఇంటర్వ్యూకు కావలసిన సమాధానం ఆమె దగ్గర ఉన్నట్టే.