ఈజిప్టులో ఎంబీబీఎస్: వీసా సంగతి సరే, మీ అమ్మాయి ఏమంటోంది?

ప్రశ్న: మా పాప నీట్‌లో క్వాలిఫై అయింది, కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) ఫీజు మా వల్ల కాదు. కన్సల్టెన్సీ వాళ్లు ఈజిప్టు అంటున్నారు. ముందు టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చట, కోర్సు ఐదేళ్లేనట. దేశం సురక్షితమేనా? జార్జియా మేలా, ఈజిప్టు మేలా? - ఒక తండ్రి, నంద్యాల

జవాబు: వీసా సంగతి ముందు తేల్చేద్దాం. టూరిస్టు వీసా మామూలుగా 30 రోజులది, పిరమిడ్లు చూసి రావడానికి ఇచ్చేది. చదువుకోవడానికి వెళ్లే పిల్లను దాని మీద విమానం ఎక్కించకండి. విదేశీ విద్యార్థుల దరఖాస్తులు అక్కడి ఉన్నత విద్యాశాఖ వారి 'స్టడీ ఇన్ ఈజిప్ట్' పోర్టల్‌లో వేయాలి. అడ్మిషన్ ఖాయమయ్యాక స్టూడెంట్ వీసా, దిగాక రెసిడెన్స్ పర్మిట్. సర్టిఫికెట్ల మీద మన విదేశాంగ శాఖ ముద్రతో పాటు ఢిల్లీలోని ఈజిప్టు ఎంబసీ ముద్ర కూడా వేయించుకోండి. 'అక్కడికెళ్లాక చూసుకుందాం' అనే ఏజెంటు, అక్కడికెళ్లాక ఫోనెత్తడు.

ఇక ఐదేళ్ల మాట. ఈజిప్టు 2018 నుంచి ఐదేళ్ల చదువు, రెండేళ్ల ఇంటర్న్‌షిప్ పద్ధతికి మారింది. అంటే ఏడేళ్లు. తిరిగొచ్చి, విదేశాల్లో వైద్యం చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్షలో 300కి 150 తెచ్చుకోవాలి, ఆపైన ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. పద్దెనిమిదేళ్లకు వెళ్లిన పిల్ల, ఒక్కసారీ తప్పకపోతే, ఇరవయ్యారేళ్లకు డాక్టరు. ఈ లెక్క మీకెవరైనా చెప్పారా? 'ఎన్ఎంసీ అప్రూవ్డ్ యూనివర్సిటీ' అని బ్రోచర్‌లో వేసుంటారు. విదేశీ కాలేజీలకు ఎన్ఎంసీ, అంటే మన జాతీయ వైద్య కమిషన్, అలాంటి ఆమోదమేదీ ఇవ్వదు. 2021 నిబంధనలు మాత్రం పెట్టింది: కనీసం 54 నెలల కోర్సు, ఇంగ్లిషులో బోధన, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో ప్రాక్టీసు చేసుకునే లైసెన్సుకు అర్హత. ఈ చివరిదే ముఖ్యం. విదేశీ విద్యార్థికి ఆ లైసెన్సు ఎలా వస్తుందో యూనివర్సిటీనే రాతపూర్వకంగా చెప్పాలి, ఏజెంటు వాట్సాప్‌లో కాదు.

ఈజిప్టు చదువును తక్కువ చేయను. కైరోలోని కస్ర్ అల్ ఐనీ వైద్య కళాశాల మూలాలు 1827లో ఉన్నాయి. అక్కడి పిల్లలే వైద్యం ఇంగ్లిషులో చదువుతారు కాబట్టి మనవాళ్ల కోసం అతికించిన ఇంగ్లిషు కాదది. కానీ వార్డులో కడుపునొప్పితో వచ్చిన ముసలామె అరబిక్‌లోనే చెబుతుంది. మొదటి ఏడాది నుంచే భాష పట్టుకోని పిల్ల క్లినికల్స్‌లో, అంటే రోగుల దగ్గర నేర్చుకునే శిక్షణలో, గోడ పక్కన నిలబడిపోతుంది. ఈ ఈజిప్టు మోజు మీద నా అనుమానమంతా ఇక్కడే. ఇంకొకటి: 2024 మార్చిలో అక్కడి పౌండు డాలరుకు 31 నుంచి 50 దాకా పడిపోయింది. దాన్ని చూపించి 'చవక' అంటున్నారు. మీ ఫీజు డాలర్లలో ఉంటే తగ్గేది అద్దె, తిండి ఖర్చే.

సురక్షితమా అంటే, కైరో నుంచి గాజా సరిహద్దు 300 కిలోమీటర్ల పైనే. గాజాను ఆనుకున్న ఉత్తర సినాయ్ వైపు వెళ్లొద్దు, మిగతా జాగ్రత్తలు ఏ మహానగరంలోనైనా ఉండేవే. శాకాహారమైతే అన్నం, పప్పు, మకరోనీ కలిపిన కొషరీ వీధి వీధిన దొరుకుతుంది. ఇంటి నుంచి నొప్పి మాత్రలు మాత్రం గుడ్డిగా సర్దకండి. ట్రమడాల్ అక్కడ నియంత్రిత మందు, దాంతో పట్టుబడి జైలుకెళ్లిన విదేశీయులున్నారు.

జార్జియాలో కోర్సు ఆరేళ్లు, రోగులు మాట్లాడేది జార్జియన్. భాష చిక్కు అక్కడా అదే, లిపి మాత్రమే వేరు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంత ఉత్తరంలో మీ అమ్మాయికి ఏం కావాలో ఒక్క ముక్క లేదు. సీటు రాలేదన్న మాట చుట్టాలకు చెప్పడం మీకు కష్టంగా ఉంది, అర్థమవుతోంది. అయితే ఆ కష్టాన్ని ఏడేళ్ల పాటు ఆ పిల్ల నెత్తిన పెడతారా? ఆమె డాక్టరే కావాలంటే మరో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని నీట్ మళ్లీ రాసినా ఏమీ మునిగిపోదు. ఫిజియోథెరపీ, వెటర్నరీ, నర్సింగ్ చదివినవాళ్లూ గౌరవంగా బతుకుతున్నారు. క్వాలిఫై అయిన పిల్ల అంటే చదవగలిగిన పిల్లే, కంగారు పడకండి.

ఈ ఆదివారం ఆమెను కూర్చోబెట్టి అడగండి, మీరు మాట్లాడకుండా వినండి. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే రసీదు, అగ్రిమెంటు తీసి వాపసు షరతులు చదవండి. ఇవ్వకపోతే, పైన చెప్పిన లైసెన్సు ఉత్తరం చేతికొచ్చే దాకా ఒక్క రూపాయి కట్టకండి.