బయటినుంచి హార్మోన్ వేసుకుంటే లోపలి గ్రంథి ఏం చేస్తుంది?

"హార్మోన్లు శరీరంలో ఎలా పనిచేస్తాయి, వాటిని మాత్రగా వాడితే ఒళ్లు అలవాటు పడిపోతుందా?" అని అడిగారు. ఏ గ్రంథి ఎక్కడ ఉంటుంది, ఏ హార్మోన్ దేనికి అన్న పట్టిక ఏ సైన్సు పుస్తకంలోనైనా ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. నా లెక్కలో ముందు తెలియాల్సింది ఒక్కటే. రక్తంలో హార్మోన్ ఎంత ఉందో శరీరం ఎప్పుడూ కనిపెట్టుకునే ఉంటుంది, చాలినంత ఉందనిపిస్తే తయారీ తగ్గించేస్తుంది. ఇది తెలియకే మా పెద్దమ్మకు ప్రాణం మీదికి వచ్చింది.

కార్టిసాల్ అనే హార్మోన్‌నే తీసుకుందాం. రెండు మూత్రపిండాల పైన చెరొక అడ్రినల్ గ్రంథి ఉంటుంది, ఒక్కోటి నాలుగైదు గ్రాముల బరువు. కార్టిసాల్ తయారయ్యేది అక్కడే, కానీ పైనుంచి ఆర్డర్ రావాలి. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాని కిందే ఉండే పిట్యూటరీ గ్రంథికి చెప్పాలి, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదలాలి, అది వచ్చి అడ్రినల్‌ను లేపాలి. తీరా కార్టిసాల్ పెరిగాక అదే వెళ్లి పైనున్న ఆ రెండింటినీ ఆపుతుంది. రోజంతా ఒకేలా ఉండదు కూడా, నిద్రలేచే వేళకు బాగా పెరిగి అర్ధరాత్రికి అడుగంటుతుంది. దాన్ని అందుకునే రిసెప్టర్లు దాదాపు ప్రతి కణంలోనూ ఉంటాయి, అందుకే కార్టిసాల్ పడిపోతే బీపీ, షుగర్, ఆకలి, ఓపిక అన్నీ ఒక్కసారే దెబ్బతింటాయి.

ఇప్పుడు కార్టిసాల్‌లాగే పనిచేసే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నారనుకోండి. పిట్యూటరీకి అదీ కార్టిసాల్ కిందే లెక్క. శరీరం సొంతంగా రోజుకు తయారు చేసుకునే కార్టిసాల్, సుమారుగా 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానం. మీరు 10, 20 వేసుకుంటూ పోతే ఇక పైనుంచి ఆర్డర్ ఎందుకు వస్తుంది? ఏసీటీహెచ్ తగ్గిపోతుంది, పని లేని అడ్రినల్ చిక్కిపోతుంది. చిక్కిపోవడం అంటే మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే సైజు తగ్గుతుంది. మూడు నాలుగు వారాలకు మించి అలాంటి డోసు వాడిన ఎవరికైనా ఇది జరిగి ఉండొచ్చనే డాక్టర్లు అనుకుంటారు.

మా పెద్దమ్మకు కీళ్లవాతం. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడింది, దాంతోనే వేళ్లు ముడుచుకోగలిగింది, మెట్లు ఎక్కగలిగింది. ముఖం గుండ్రంగా ఉబ్బింది, మోచేతి కింద చర్మం పల్చబడి చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోయేది. ఒకరోజు చుట్టపుచూపుగా వచ్చిన ఒకాయన ఆ చెయ్యి చూసి, "స్టెరాయిడ్ విషం అక్కయ్యా, ముందు అది మానెయ్" అన్నాడు. ఆవిడ మర్నాటి నుంచే మానేసింది, ఎవరికీ చెప్పలేదు. మొదట నీరసం, తర్వాత అన్నం చూస్తే వికారం. కీళ్లు మళ్లీ నొప్పి పెడుతున్నా ఓర్చుకుంది. ఆ తర్వాత మామూలు జ్వరమే వచ్చింది గానీ, రెండో రోజుకు మంచం మీదనుంచి లేవలేకపోయింది.

దగ్గర్లోని క్లినిక్‌లో గ్యాస్ అన్నారు. కడుపునొప్పి, వాంతులు ఉన్నాయి కాబట్టి గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. ఏం మాత్రలు వాడుతున్నారు, ఈమధ్య ఏమైనా మానేశారా అని ఒక్క ముక్క అడగలేదు, దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ రాత్రి పిలిస్తే కళ్లు తెరుస్తోంది, మళ్లీ మూసేస్తోంది, చేతులు చల్లబడిపోయాయి. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో నర్సమ్మ బీపీ పట్టీ ఒకసారి చుట్టి చూసి, నమ్మకం లేనట్టు రెండో చేతికి చుట్టింది. పై అంకె 70 దగ్గర ఉంది. సోడియం తక్కువ, షుగర్ తక్కువ.

అక్కడి డ్యూటీ డాక్టరమ్మకు నేను జన్మంతా రుణపడి ఉంటాను. పెద్దమ్మ ముఖం వంక, చేతి మీది కమిలిన మచ్చల వంక చూసి, మాత్రల సంచీ అడిగి తీసుకుని బల్ల మీద బోర్లించింది. సగం వాడిన ప్రెడ్నిసొలోన్ షీటు చేతిలోకి తీసుకుని, "అమ్మా, ఇది ఎప్పుడు ఆపారు?" అంది. సమాధానం పూర్తికాకముందే నరంలోకి 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ (మందు రూపంలో కార్టిసాలే), పక్కన సెలైన్. రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగలేదు, ఈ పరిస్థితిలో ఆగకూడదు కూడా. తెల్లారేసరికి పెద్దమ్మ లేచి కూర్చుని తాగడానికి నీళ్లు అడిగింది.

ఆ డాక్టరమ్మే చెప్పిన ఇంకో సంగతి. 1855లో థామస్ అడిసన్ అనే ఇంగ్లండు వైద్యుడు వర్ణించిన జబ్బులో అడ్రినలే పాడవుతుంది. అప్పుడు పిట్యూటరీ ఏసీటీహెచ్‌ను కుమ్మరిస్తుంది, దానివల్ల చర్మం నల్లబడుతుంది. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపినవాళ్లలో ఏసీటీహెచ్చే ఉండదు కాబట్టి ఆ నలుపు రాదు. అంటే రంగు చూసి పట్టుకునే వీల్లేదు, అడిగి తెలుసుకోవాల్సిందే.

స్టెరాయిడ్‌ను విషం అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1948లో మొదటిసారి కీళ్లవాతం రోగికి కార్టిసాల్ కోవకే చెందిన కార్టిసోన్ ఇచ్చినప్పుడు, కదల్లేని మనిషి కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండల్, రైక్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది ఈ హార్మోన్ల మీదే. ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది, నిజమే. అయినా మాత్ర వల్ల వచ్చే హాని నెమ్మదిగా వస్తుంది, హఠాత్తుగా ఆపితే వచ్చేది రోజుల్లో మనిషిని తీసుకుపోతుంది. ఇంకో బాధ, ఒంటినొప్పులకని అమ్మే పేరూ ఊరూ లేని పొడులు. అలాంటి వాటిలో రహస్యంగా స్టెరాయిడ్ కలిపి పట్టుబడిన సందర్భాలు ఉన్నాయి. తాము వాడుతున్నది స్టెరాయిడ్ అనే తెలియనివాళ్లు దాన్ని ఆపితే ఏమవుతుందో ఆలోచించండి. జుట్టు రాలినా, కోపం వచ్చినా "హార్మోన్ల తేడా" అని తేల్చేసే అలవాటూ నాకు నచ్చదు. ఏ హార్మోన్, ఎంత, ఏ వేళ తీసిన రక్తం, ఈ మూడూ చెప్పకుండా ఆ మాటకు అర్థం లేదు. సాయంత్రం రక్తం తీసి కార్టిసాల్ తక్కువగా ఉందని భయపడేవాళ్లను చూశాను, ఆ వేళకు అది తక్కువగానే ఉంటుంది.

అలవాటు గురించి అడిగారు కదా, అన్ని హార్మోన్లదీ ఒకటే కథ కాదు. థైరాయిడ్ హార్మోన్ అయిన థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది, అందుకే ఒకరోజు మాత్ర మరిచినా తేడా తెలియదు, డోసు మార్చాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు పిట్యూటరీ పంపే హార్మోన్) పరీక్షకు ఆరు వారాలు ఆగమంటారు. ఇన్సులిన్ రక్తంలో నిలిచేది నిమిషాలే. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు ఇన్సులిన్ తయారు చేసే కణాలే దెబ్బతిని ఉంటాయి, వాళ్లు ఇంజెక్షన్ వేసుకోవడాన్ని అలవాటు అనడం అన్యాయం. స్టెరాయిడ్ విషయంలో మాత్రం నిద్రపోయిన గ్రంథి మళ్లీ లేవాలి, దానికి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

మా పెద్దమ్మకు ఎండోక్రినాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టరు, డోసును కొంచెం కొంచెంగా దించుతూ వచ్చారు. మధ్యమధ్యలో పొద్దున ఎనిమిది గంటలకు కార్టిసాల్ పరీక్ష, అది బాగుంటేనే తర్వాతి మెట్టు. ఈలోపు జ్వరం వస్తే డోసు రెట్టింపు చేయాలి, వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్‌కు వెళ్లాలి, ఆపరేషన్ ఏదైనా ఉంటే ముందే చెప్పాలి. ఇవన్నీ ఆయన ఒక కార్డు మీద రాసిచ్చారు, ఆవిడ దాన్ని పర్సులో పెట్టుకుని తిరుగుతుంది. ఇంట్లో ఎవరైనా నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతుంటే, అలాంటి కార్డు మీరే అడిగి రాయించుకోండి.