పొయ్యి కట్టేసినా మీటరు కదులుతోంది!

ప్రశ్న: మా పైపు గ్యాస్‌కు స్మార్ట్ మీటరు పెట్టారు. కరెంటు తీగే లేదు, ఎలా పనిచేస్తుంది? రాత్రి ఏమీ వెలిగించకపోయినా అంకె కదిలినట్టుంది. నా భ్రమా?
– ఒక గృహిణి

జవాబు: భ్రమని కొట్టిపారేయకండమ్మా. పడుకోబోయే ముందు పొయ్యి, గీజరు కట్టేయండి. గీజరులో పైలట్ మంట (ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంట) ఉంటే అదీ ఆర్పాలి, లేదంటే రాత్రంతా అదే తాగుతుంది. మీటరు దగ్గరి వాల్వు మాత్రం తెరిచే ఉంచండి. దశాంశాలతో సహా అంకెలు రాసుకుని, తెల్లారి ఏదీ వెలిగించకముందే చూడండి. చివరి అంకె మారిందా, ఎక్కడో కారుతున్నట్టే. సరఫరా సంస్థకు చెప్పండి. మా ఇంట్లో గీజరు దగ్గర బిగింపు వదులైన సంగతి ఇలాగే బయటపడింది. అంకె కదల్లేదని పూర్తి ధీమా వద్దు, మీటరు లీకేజీ పరికరం కాదు. వాసన వస్తే ఈ పరీక్షలేవీ వద్దు: వాల్వు కట్టేసి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికెళ్లి ఫోన్ చేయండి.

కరెంటంటారా, లోపల ఏళ్ల తరబడి వచ్చే లిథియం బ్యాటరీ ఉంటుంది. దాన్ని పొదుపు చేయడానికే మీటరు లెక్కలు అప్పుడప్పుడే పంపుతుంది. కాబట్టి ఫోన్‌లో కనిపించేది కాస్త పాత అంకె. మీటరు మీదిదే చూడండి.