ఊరి కోరికలు, సంఘం పనులు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో వరి, మిర్చి పండించే గ్రామం. మా యువజన సంఘంలో 26 మంది సభ్యులున్నారు. వినాయక చవితికి మండపం పెట్టడం, సంక్రాంతికి క్రికెట్ పోటీలు నడపడం తప్ప ఇంతవరకు చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు. మా ఊరి నుంచి వెళ్లి హైదరాబాదులో స్థిరపడిన పెద్దమనిషి ఒకరు, ఏడాదిలో ఏమేం చేస్తారో కాగితం మీద పెడితే తాను కొంత సాయం చేస్తానన్నారు. మేము 14 అంశాలతో అభివృద్ధి ప్రణాళిక రాసి ఇస్తే, ఇది పనికిరాదని తిప్పి పంపారు. దానిలో లోపమేమిటో చెప్పగలరా? నకలు, సభ్యుల పట్టిక, చవితి లెక్క జతచేస్తున్నాము.
– ఒక యువజన సంఘం కార్యదర్శి, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు పంపిన నకలులోని 14 అంశాల్లో సీసీ రోడ్లు, మురుగు కాల్వలు, మంచినీటి ట్యాంకు, వీధి దీపాలు, శ్మశానానికి దారి వంటివే తొమ్మిది ఉన్నాయి. అవన్నీ ఊరికి అవసరమే. అయితే అవి పంచాయతీ చేయవలసిన పనులు. వాటికి కావలసిన నిధులు గానీ, అంచనాలు వేసే ఇంజినీరు గానీ, తీర్మానం చేసే అధికారం గానీ మీ చేతిలో లేవు. ఆ పెద్దమనిషి అడిగినది సంఘం ఏమి చేస్తుందని, మీరు రాసి ఇచ్చినది ఊరికి ఏమి కావాలని. ఆయన తిప్పి పంపడంలో నాకు తప్పు కనిపించలేదు.

ఆ తొమ్మిదింటినీ విడదీసి అర్జీగా రాసి గ్రామసభలో ఇవ్వండి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం ఏటా అక్టోబరు 2 నుంచి మొదలయ్యే కార్యక్రమంలో మీ అర్జీ చర్చకు వస్తే, మరుసటి ఏడాది పనుల్లో చేరే అవకాశం ఎక్కువ. అర్జీకి రసీదు తీసుకోవడం, తర్వాతి సభలో దాని సంగతి అడగడం, ఈ రెంటితో సంఘం బాధ్యత తీరుతుంది.

ఇక మిగిలినవి ఐదు: పఠన మందిరం, రక్తదాన శిబిరం, మొక్కల పెంపకం, ఉద్యోగ పరీక్షలకు శిక్షణ, కబడ్డీ జట్టు. మొదటి ఏడాదికి వీటిలో రెండు చాలు. ఏ రెండు అన్నది తేల్చే ముందు మీ సభ్యుల పట్టికను మరొకసారి చూడండి. 26 మందిలో 11 మంది పేర్ల ఎదుట హైదరాబాదు, ఖమ్మం చిరునామాలున్నాయి. పండగకు వచ్చి వెళ్లేవారితో పండగ పని నడుస్తుంది గానీ, రోజూ సాయంత్రం గది తాళం తీసే పని నడవదు. కాబట్టి మీ ప్రణాళిక ఊళ్లో ఉండే ఆ 15 మందికి సరిపడేదిగా ఉండాలి. మరొక సంగతి, పట్టికలో ఒక్క అమ్మాయి పేరూ లేదు. ఊళ్లో చదువుకుంటున్న ఆడపిల్లలు లేక కాదు కదా!

తర్వాత, ఊరి పనుల కాలాన్ని నెలలవారీగా రాసుకోండి. జూలై, ఆగస్టుల్లో నాట్లు, ఆపైన చవితి, దసరా. ఫిబ్రవరి, మార్చిల్లో మిర్చి కోతలు, పిల్లల పరీక్షలు. ఈ రోజుల్లో కొత్త పని పెట్టుకుంటే చేసేవారు దొరకరు. మీరు రక్తదానానికి జనవరి 12న జాతీయ యువజన దినోత్సవం నాడు ఒక శిబిరం, మార్చి నెలాఖరున మరొకటి అని రాశారు. రక్తమిచ్చిన పురుషులు మళ్లీ ఇవ్వడానికి 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. అంటే జనవరిలో ఇచ్చినవారెవరూ మార్చి శిబిరానికి పనికిరారు. పైగా అప్పటికి కోతలు ముగిసి ఉండవు. జనవరి శిబిరానికి పండగకు వచ్చిన సభ్యులు కూడా అందుతారు కనుక దాన్ని ఉంచి, మార్చి శిబిరాన్ని కొట్టివేయండి. దాతలకు 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయస్సు, కనీసం 45 కిలోల బరువు ఉండాలి కనుక, ఆ కొలతకు సరిపోయేవారి పేర్లు డిసెంబరులోనే రాసి పెట్టుకోండి.

రెండవ పనిగా పఠన మందిరాన్నే ఎంచుకోమంటాను. ఉద్యోగ పరీక్షలకు చదివేవారికి కూర్చునే చోటు దొరికితే మీ శిక్షణ ఆలోచనలో సగం అక్కడే నెరవేరుతుంది. 1918లో వేటపాలెంలో యువజన సంఘం చొరవతో మొదలైన సారస్వత నికేతనం పెద్ద గ్రంథాలయంగా ఎదిగింది. 1929లో దాని కొత్త భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. మీ నుంచి అంతటిది ఎవరూ అడగరు. వాడుకలో లేదని మీరు రాసిన పాత పంచాయతీ గదిని తీర్మానం ద్వారా అడిగి తీసుకుని, ప్రణాళికలో ఇలా రాస్తే సరిపోతుంది: ‘పఠన మందిరం, నవంబరు 1 నుంచి, రోజూ సాయంత్రం 5 నుంచి 8 వరకు. తాళం, శుభ్రత: సోమ, మంగళ, బుధవారాల్లో ఫలానా వారు, మిగిలిన రోజుల్లో ఫలానా వారు. ఖర్చు: రెండు దినపత్రికలు, కరెంటు బిల్లు, నాలుగు బల్లలు. ఆరు నెలల తర్వాత చూడవలసినది: హాజరు పుస్తకంలో రోజుకు సగటున ఎన్ని సంతకాలు, వాటిలో అమ్మాయిలవి ఎన్ని.’ ‘ఫలానా వారు’ అన్నచోట మనుషుల పేర్లు పడాలి. ‘కార్యవర్గం చూసుకుంటుంది’ అని రాస్తే ఎవరూ చూసుకోరన్నది అందరికీ తెలిసినదే. వేళ కూడా అమ్మాయిలను అడిగి నిర్ణయించండి. చీకటి పడ్డాక ఇంటికి తిరిగి వెళ్లేది వారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా రాయవలసినది డబ్బు సంగతి. మీ చవితి లెక్కలో చందాలు రూ.85,000, ఖర్చులు పోగా మిగిలినది రూ.6,400, లడ్డూ వేలం రూ.21,000 అని ఉంది. ఆ 21,000 చేతికి అందిందా, లేక పాట పాడినవారు వచ్చే చవితికి ముందు ఇస్తారా? మన ఊళ్లలో రెండవదే ఎక్కువ. చేతికి రాని సొమ్మును ‘రావలసినది’ అనే వేరే శీర్షిక కింద చూపండి, దానిని నమ్ముకుని ఏ ఖర్చూ ఒప్పుకోకండి. ప్రస్తుతం మీ దగ్గర ఉన్నది 6,400 మాత్రమే. ఆ మొత్తంతో మొదలుకాగల పనినే మొదటి ఆరు నెలలకు రాసి, పెద్దమనిషి సాయం అందితే ఏమేం అదనంగా చేస్తారో దాని కింద విడిగా రాయండి. మూడు నెలలకొకసారి లెక్కను అందరి ముందు చదివి, నకలు ఆయనకూ పంపుతామని ఒక వాక్యం చేర్చండి. సాయం చేసేవారు ముందుగా చూసేది దానినే. మొత్తం ఒక కాగితానికి రెండు వైపులా మించకూడదు.

ప్రశ్న: ప్రణాళిక రాయడానికి ముందే సంఘాన్ని రిజిస్ట్రేషన్ చేయించాలా?
– అదే కార్యదర్శి

జవాబు: అవసరం లేదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు, నియమావళితో జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. సంఘం పేరిట బ్యాంకు ఖాతా తెరవడానికి, ప్రభుత్వ సాయం అడగడానికి అది సాధారణంగా అవసరమవుతుంది. కానీ రిజిస్ట్రేషన్‌తో ఏటా సర్వసభ్య సమావేశం జరపడం, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించడం వంటి బాధ్యతలు కూడా వస్తాయి. ధ్రువపత్రం గోడకు తగిలించి ఆ తర్వాత కార్యాలయం మొహం చూడని సంఘాలు చాలా ఉన్నాయి. ఆరు నెలలు పఠన మందిరం తాళం వేళకు తెరుచుకుంటే అప్పుడు దరఖాస్తు చేయండి. ఏటా ఆ కాగితాలు సమర్పించే బాధ్యత ఎవరిదో, వారి పేరును ప్రణాళికలోనే చేర్చండి.