టెక్ సందేహాలు: రీడింగ్ తప్పితే ముందు బ్రాకెట్టును చూడండి

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఫ్యాక్టరీల నుంచి వచ్చాయి. నాలుగూ ఒకే వస్తువు గురించి: యంత్రంలోని ఒక భాగం ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కొలిచే సెన్సర్. అలా జరిగిన దూరాన్నే బడిలో మనం స్థానభ్రంశం అని చదువుకున్నాం. కృష్ణా ఒడ్డున ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల నుంచి కొత్తూరు, జడ్చర్ల దాకా ఈ పనిలో ఉన్న మన పిల్లలు చాలామంది. వారికి ఈ విషయం మీద తెలుగులో నాలుగు మాటలు దొరకడం కష్టంగా ఉంది కాబట్టి, ఫోన్లు, లాప్‌టాప్‌ల ప్రశ్నలను వచ్చే వారానికి ఉంచి ఈసారి చోటంతా వారికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా సిమెంటు మిల్లులో రెండు రోలర్ల మధ్య సరుకును నలిపే రోలర్ ప్రెస్‌కు ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి సెన్సర్లు ఉన్నాయి. రోలర్ల మధ్య ఖాళీ ఎడమ వైపు ఎప్పుడూ 4 మిల్లీమీటర్లు ఎక్కువ చూపుతోంది. తేడా ఇంకా పెరిగితే ప్రెస్ ట్రిప్ అవుతోంది (తనంతట తానే ఆగిపోతోంది). ఎడమ సెన్సర్ మార్చినా ఫలితం లేదు. యంత్రాన్ని నడిపే కంట్రోల్ కంప్యూటర్ పీఎల్‌సీలో జీరో (రీడింగు మొదలయ్యే చోటు) సరిచేస్తే సరిపోతుందా? (ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: జీరోను ఇప్పుడే ముట్టుకోవద్దని నా మనవి. జీరో జరిపితే తెరమీద రెండు అంకెలూ సమానమవుతాయి కానీ, ఆ 4 మిల్లీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయో ఇక తెలియదు. రేపు రోలర్ నిజంగానే వంకరపోతే ఆ సంగతిని మీరు సరిచేసిన జీరోయే దాచిపెడుతుంది.

సెన్సర్‌కు తెలిసేది ఒక్కటే: తన బాడీ బిగించిన చోటికీ, తన రాడ్డు కొసను తగిలించిన చోటికీ మధ్య ఉన్న దూరం. రోలర్ల మధ్య ఖాళీ ఎంతో దానికి తెలియదు. బాడీ ఫ్రేమునూ, రాడ్డు కదిలే రోలర్ బేరింగ్ హౌసింగునూ గట్టిగా పట్టుకొని ఉన్నంతవరకే ఆ దూరాన్ని మనం ఖాళీగా లెక్కపెట్టుకోగలం. మధ్యలో సెన్సర్‌ను పట్టుకునే బ్రాకెట్టు వంగినా, పిన్ను అరిగినా, బోల్టు వదులైనా సెన్సర్ దాన్నీ కదలికగానే చూపుతుంది. సెన్సర్ మార్చినా తేడా పోలేదంటే అనుమానం ఇటువైపు మళ్లాలి.

వచ్చే షట్‌డౌన్‌లో ఇలా చేయండి. కదిలే రోలర్‌ను స్టాపరుకు ఆనించి, ఆ తర్వాత హైడ్రాలిక్ ప్రెషర్ పూర్తిగా దించి, మోటార్ల పవర్ లాక్ చేయించి, పని చేసేందుకు పర్మిట్ చేతికి వచ్చాక, రెండు వైపులా నిజమైన ఖాళీని చేత్తో కొలవండి. రెండు వైపులా 20 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. మీ సెన్సర్ 0 నుంచి 100 మిల్లీమీటర్లకు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు ఇచ్చే రకమైతే, మిల్లీమీటరుకు 0.16 చొప్పున 20 మిల్లీమీటర్ల దగ్గర 7.2 మిల్లీ ఆంపియర్లు రావాలి. 24 వోల్టుల కంట్రోల్ సప్లయి ఉంచి, జంక్షన్ బాక్సు దగ్గర సెన్సర్ కరెంటు పారే లూపులో మీటరు కలిపి చూడండి. ఎడమ వైపు 7.2 వస్తూ తెరమీద మాత్రం 24 మిల్లీమీటర్లు కనబడితే తప్పు పీఎల్‌సీ స్కేలింగులో, అంటే కరెంటును మిల్లీమీటర్లుగా మార్చే లెక్కలో ఉంది. 7.84 (అంటే 24 మిల్లీమీటర్లకు రావలసినది) వస్తే తప్పు మీ కళ్ల ముందే, సెన్సర్ బిగించిన చోట ఉంది.

అప్పుడు రాడ్డు కొసన ఉన్న బాల్ జాయింటును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకొని నెమ్మదిగా ముందుకు, వెనక్కు ఆడించండి. పక్కన మరొకరు మీటరు చూస్తూ ఉండాలి. హౌసింగ్ కదలకుండానే మీటరు మీద అంకె కదిలితే ఆ జాయింటులో ఆట (వదులు) ఉందని అర్థం. తర్వాత బ్రాకెట్టు బోల్టుల వంతు. బోల్టు తలమీదుగా బ్రాకెట్టు మీదికి ఒక పసుపు పెయింటు గీత గీసి ఉంచితే, బోల్టు ఏమాత్రం తిరిగినా గీత తెగి దూరం నుంచే కనబడుతుంది. పావలా ఖర్చు లేని ఈ పనిని నేను చూసిన ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల చేయడం లేదు. ప్రెస్ పుట్టించే అదురుకు మామూలు నట్టు నిలవదు కాబట్టి లాక్ నట్టు తప్పనిసరి.

బ్రాకెట్టు పొడవు కూడా చూసుకోండి. చౌటుప్పల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పొద్దున సరిగా ఉండే రీడింగు మధ్యాహ్నానికి మూడో వంతు మిల్లీమీటరు జరుగుతోందని రెండు రోజులు కేబుళ్లన్నీ విప్పి వెతికాం. చివరికి ఎండ పడే వైపున్న మీటరు పొడవు ఇనుప బ్రాకెట్టు మీద చెయ్యి పెడితే కాలింది. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. 30 డిగ్రీలు వేడెక్కితే 0.36 మిల్లీమీటర్లు. మన నల్లగొండ ఎండలకు అది పెద్ద లెక్క కాదు. బ్రాకెట్టును పొట్టిగా చేసి, పైన చిన్న రేకు నీడ వేయడంతో ఆ సమస్య తీరింది.

సిమెంటు దుమ్ము, గ్రీజు కలిసి రాడ్డు మీద రాయిలా గట్టిపడి సీలును కోసేస్తాయి. పొడిగుడ్డతో తుడవండి. కంప్రెషర్ గాలిని సూటిగా సీలు మీద కొడితే దుమ్ము లోపలికే పోతుంది. ఆ పరిసరాల్లో వెల్డింగ్ చేసేటప్పుడు సెన్సర్ కేబుల్ విప్పి ఉంచండి, వెల్డింగ్ ఎర్త్ క్లాంపును అతుకు వేసే చోటికి దగ్గరగానే పెట్టించండి. మీరు మార్చినది ఎల్‌వీడీటీ రకమైతే (కాయిల్ ఉన్న బాడీలో కోర్ అనే ఇనుప కడ్డీ జరిగే రకం) ఇంకొక మాట: దాని కోర్, బాడీ కలిపి కాలిబ్రేట్ చేసిన జత. పాత కోర్‌ను కొత్త బాడీలో వాడకూడదు. కోర్‌ను పట్టుకునే రాడ్డు అయస్కాంతానికి అంటుకోని లోహంతో చేసినదై ఉండాలి.

ప్రశ్న: మా ప్లాస్టిక్ మోల్డింగ్ యంత్రంలో మోల్డు (అచ్చు) తెరుచుకునే దూరాన్ని చూపే లీనియర్ స్కేలు 300 మిల్లీమీటర్లది. మధ్యలో అంకె 2, 3 మిల్లీమీటర్లు ఎగిరిపడుతోంది. ఏడాదిలో రెండు స్కేళ్లు మార్చాం. నాసిరకం సరుకు వస్తోందా? (ఒక పాఠకుడు, షాద్‌నగర్)

జవాబు: సరుకును తప్పుపట్టే ముందు దాన్ని బిగించిన తీరు చూడాలి. ఈ స్కేలు లోపల ఒక రెసిస్టెన్స్ పట్టీ ఉంటుంది, దాని మీద ఒక చిన్న బ్రష్షు రాసుకుంటూ నడుస్తుంది. బ్రష్షు ఎక్కడ ఎక్కువసేపు ఆగి అదురుతుందో అక్కడ పట్టీ త్వరగా అరుగుతుంది. రాడ్డు వంకరగా నడిస్తే బ్రష్షు మీద పక్క ఒత్తిడి పడి ఆరేళ్లు రావలసిన వస్తువు ఆరు నెలలకే పోతుంది.

అరుగుదలను పట్టడానికి ముల్లు ఉన్న పాత మీటరే మంచిది, ఎందుకంటే డిజిటల్ మీటరు అంకె మార్చేలోగా క్షణకాలపు జారుడు దాటిపోతుంది. స్కేలుకు 10 వోల్టులు అందుతూ ఉండగా, యంత్రాన్ని ఆపి రాడ్డును విడదీసి చేత్తో మెల్లగా లాగండి. మిల్లీమీటరుకు 33 మిల్లీ వోల్టుల చొప్పున ముల్లు నిదానంగా ఎక్కాలి. ఒకేచోట ప్రతిసారీ ముల్లు ఉలిక్కిపడితే అక్కడ పట్టీ పోయినట్లే. అలా ఒకే చోట కాకుండా హీటర్లు ఆన్ అయినప్పుడో, మోటారు తిరిగినప్పుడో అంకె ఎగిరితే స్కేలు మంచిదే; దాని కేబుల్ పవర్ కేబుళ్లతో ఒకే ట్రేలో పోతూ ఉంటుంది. దాన్ని వేరుచేసి, షీల్డును (తీగల చుట్టూ ఉండే లోహపు అల్లికను) ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి. రెండు చివరలా ఎర్త్ చేస్తే షీల్డులోనే కరెంటు తిరిగి గోల ఇంకా పెరుగుతుంది.

కొత్త స్కేలు బిగించాక ఈ పరీక్ష మరవకండి. మోల్డు పూర్తిగా మూసి, యంత్రం ఆపి, రాడ్డు కొస పిన్నును తీసి మళ్లీ పెట్టండి. మోల్డు పూర్తిగా తెరిచి మళ్లీ అలాగే చేయండి. రెండు చోట్లా పిన్ను వేలితో తోస్తేనే జారిపోవాలి. ఒక చోట సులువుగా దిగి, రెండో చోట సుత్తి అడిగిందంటే స్కేలు యంత్రానికి సమాంతరంగా లేదు. 5 డిగ్రీల వంకర 300 మిల్లీమీటర్లలో ఒక మిల్లీమీటరుకు పైగా తప్పు చూపడమే కాకుండా, ప్రతి షాటుకూ (మోల్డు ఒకసారి మూసి తెరిచినప్పుడల్లా) బ్రష్షును కొంచెం కొంచెంగా చంపుతుంది. బ్రాకెట్టు కింద పలుచని షిమ్‌లు (రేకు ముక్కలు) వేసి సరిచేయండి. అప్పటికీ ఏడాది నిలవకపోతే, ఏదీ రాసుకోకుండా అయస్కాంతంతో పనిచేసే మాగ్నెటోస్ట్రిక్టివ్ రకానికి మారమని యజమానికి చెప్పవచ్చు. అది ఖరీదైనదే కానీ, అందులో అరిగే బ్రష్షు ఉండదు.

ప్రశ్న: పాలిటెక్నిక్ పూర్తిచేసి టర్బైన్ల మెయింటెనెన్స్ పనిలో కొత్తగా చేరాను. షాఫ్టును తాకకుండా దాని దూరాన్ని కొలిచే ప్రోబ్‌కు 8 మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఉంది. నాలుగు మీటర్లు మిగిలిపోతోంది. కోసి కొత్త కనెక్టర్ వేయవచ్చా? (ఒక పాఠకురాలు, గద్వాల)

జవాబు: వద్దమ్మా, కోయకూడదు. ఈ ప్రోబ్ కొసలో ఉన్న కాయిల్‌లో అధిక పౌనఃపున్య విద్యుత్తు పారుతుంది. దాని ప్రభావంతో షాఫ్టు ఉపరితలంలో పుట్టే సుడి విద్యుత్తును బట్టి డ్రైవర్ (ప్రోబ్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) దూరాన్ని లెక్కిస్తుంది. ఈ లెక్కలో కేబుల్ కూడా ఒక భాగమే. ప్రోబ్‌కు ఉన్న 1 మీటరు, ఎక్స్‌టెన్షన్ 8 మీటర్లు కలిపి 9 మీటర్లకు డ్రైవర్‌ను ట్యూన్ చేసి ఉంటారు. నాలుగు మీటర్లు తగ్గిస్తే మీటరు ఏదో ఒక అంకె చూపుతూనే ఉంటుంది కానీ ఆ అంకె తప్పు. మిగిలిన కేబుల్‌ను మరీ బిగువు కాకుండా వెడల్పు చుట్టలుగా చుట్టి బాక్సులో పెట్టి ఉంచండి. మధ్యలో ఉన్న కనెక్టర్ ఇనుప ఫ్రేముకు తగలకుండా దానికి తొడుగు వేయండి. దానిమీద నూనె చుక్క కూడా ఉండకూడదు.

దూరం అమర్చడానికి ఫీలర్ గేజ్ (సందులో దూర్చి కొలిచే లోహపు రేకు) వాడితే ప్రోబ్ ముఖం గీసుకుపోతుంది. సాధారణంగా వాడే 8 మిల్లీమీటర్ల ప్రోబ్ మిల్లీమీటరుకు 7.87 వోల్టులు ఇస్తుంది. షాఫ్టుకు సుమారు ఒకటింబావు మిల్లీమీటరు దూరంలో, మీటరు మైనస్ 10 వోల్టుల దగ్గరకు వచ్చేలా ప్రోబ్‌ను తిప్పి లాక్ నట్టు బిగిస్తారు. బిగించేటప్పుడు ప్రోబ్ తిరిగిపోతుంది కాబట్టి బిగించాక వోల్టేజీ మళ్లీ చూడాలి. ఈ ప్రోబ్ టర్బైన్‌ను ట్రిప్ చేయగలదు. అందువల్ల మీ ఇంజినీరు రాతపూర్వకంగా బైపాస్ (ఆ ట్రిప్‌ను తాత్కాలికంగా ఆపే అనుమతి) ఇవ్వనిదే కనెక్టర్ మీద చెయ్యి వేయకండి.

ప్రశ్న: ప్యాకింగ్ లైనులో డబ్బాల ఎత్తును కొలిచే లేజర్ సెన్సర్ రెండు వారాలకొకసారి తప్పు చూపుతోంది. రోజూ తడిగుడ్డతో తుడుస్తున్నాం. (ఒక పాఠకుడు, జడ్చర్ల)

జవాబు: ఆ తడి బోరు నీళ్లదైతే ఇబ్బంది అక్కడే ఉంది. మన దగ్గరి బోరు నీళ్లు ఆరితే స్టీలు గిన్నె మీద తెల్లటి పొర ఎలా మిగులుతుందో, లేజర్ అద్దం మీదా అలాగే మిగులుతుంది. డబ్బాను తాకి ఏటవాలుగా తిరిగివచ్చే వెలుగును ఆ పొర చెదరగొట్టేస్తుంది. కళ్లద్దాలు తుడిచే మెత్తని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, లేజర్ ఆపి తుడవండి. ఆ తర్వాత మందం తెలిసిన ఒక స్టీలు పలకకు మెరుపు లేని తెల్లరంగు వేయించి, దాన్ని బెల్టు మీద పెట్టి వచ్చిన రీడింగును తేదీతో సహా రిజిస్టరులో రాయండి. ప్రతి సోమవారం అదే పలకను అదే చోట పెట్టి చూడండి. పలక రీడింగు మారకుండా డబ్బాల రీడింగు మారితే డబ్బాలను కొలవండి. పలక రీడింగే మారితే, అద్దం కంటే ముందు సెన్సర్‌ను పట్టుకున్న స్టాండు బోల్టులు చూడండి.