మీటరు 5.5 చూపిస్తున్నా గుర్రం కంచెను లెక్కచేయట్లేదు: పెద్ద మెషిన్ కొనాలా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎకరంన్నర ప్యాడక్ (గుర్రాలు తిరిగే ఆవరణ), రెండు గుర్రాలు, లోహపు పోగులు అల్లిన 40 మిల్లీమీటర్ల కరెంటు టేపు రెండు వరసలు, 2 జౌల్స్ సోలార్ జట్కా మెషిన్ (కంచెకు ఆగి ఆగి షాక్ పంపేది, జౌల్స్ అంటే ఆ షాక్ శక్తి). ఏప్రిల్‌లో కంచె మీటరు (ఫెన్స్ టెస్టర్) 5.5 కేవీ, అంటే 5,500 వోల్టులు చూపించినా గుర్రం టేపు కింద తలపెట్టి అవతలి గడ్డి మేసింది. జులైలో వానలు పడ్డాక మీటరే 1.8కి పడిపోయింది.

మెషిన్ కొనకండి. ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఎండాకాలంది ఎర్త్ సరిగా అందకపోవడం, వానాకాలంది లీకేజీ, అంటే కంచె కరెంటు దారిలోనే నేలలోకి కారిపోవడం. 2 జౌల్స్ మెషిన్ మీ మూడొందల పైచిలుకు మీటర్ల చుట్టుకొలతకు ఎక్కువే.

ముందు ఎర్త్ సంగతి. షాక్ టేపులోంచి గుర్రం ముక్కుకు, అక్కణ్నుంచి గిట్టల ద్వారా నేలలోకి, నేలలోంచి మెషిన్ ఎర్త్ రాడ్లకు తిరిగి చేరాలి. మొరం కలిసిన చల్కా నేల ఏప్రిల్‌కు ఎండిపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. మీటరు తీసుకునే కరెంటు నామమాత్రం కాబట్టి అది వోల్టేజీని నిక్షేపంగా చూపిస్తుంది. గుర్రానికి మాత్రం చక్కిలిగింత పెట్టినట్టుంటుంది. నల్లరేగడి అయినా గ్యారంటీ లేదు, వేసవిలో నెర్రెలిచ్చి రాడ్ చుట్టూ మట్టి వదిలేస్తుంది.

పరీక్ష ఇలా చేయండి. మెషిన్ ఆపి, దానికి వంద మీటర్ల దూరంలో మూడు నాలుగు గడ్డపారలు నేలలో దిగ్గొట్టి టేపులోని లోహపు పోగులకు ఆనించండి. మెషిన్ ఆన్ చేస్తే కంచె 2 కేవీ కంటే కిందికి పడాలి, పడకపోతే ఇంకో రెండు ఆనించండి, ప్రతిసారీ మెషిన్ ఆపాకే. ఇప్పుడు మెషిన్ దగ్గరికొచ్చి, టెస్టర్ ముల్లును చివరి ఎర్త్ రాడ్‌కు మీటరు దూరంలో నేలలో గుచ్చి, ఆ రాడ్ మీద కొలవండి. 0.3 కేవీ దాటితే ఎర్త్ చాలట్లేదు. మామూలు మల్టీమీటర్ వాడొద్దు, కాలిపోతుంది. ఫెన్స్ టెస్టరే వాడాలి.

ఎర్త్ కోసం 6 అడుగుల జీఐ (జింకు పూత ఇనుము) రాడ్లు కనీసం మూడు, పదేసి అడుగుల ఎడంతో, ఒకే జీఐ వైరుతో క్లాంపులు పెట్టి కలపండి. రాగి వైరు చుడితే ఆ కలయిక దగ్గరే తుప్పు మొదలవుతుంది. ఇంటి ఎర్త్‌కు 10 మీటర్ల దూరం ఉంచండి. నీళ్ల తొట్టి పొర్లే చోటు దొరికితే అంతకు మించింది లేదు. ఉప్పు, బొగ్గు పోయడం మనకు అలవాటే గానీ ఉప్పు జీఐని తినేస్తుంది, తేమను పట్టి ఉంచే బెంటోనైట్ బంకమట్టి మేలు. అప్పటికీ రీడింగ్ దిగకపోతే మధ్యలో మూడో వరస లాగి దాన్ని ఎర్త్ రాడ్లకు కలపండి. పైవరస, మధ్యవరస రెండూ ఒకేసారి తాకిన గుర్రానికి నేలతో పని లేకుండా షాక్ కొడుతుంది.

ఇక వానాకాలం. మొదట బ్యాటరీ చూడండి, మబ్బు రోజుల్లో సగం ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 దగ్గర, 12 కంటే కిందికి దిగితే ఖాళీ అయినట్టే. తర్వాత కంచె వైరు ఊడదీసి మెషిన్‌ను విడిగా కొలవండి. 7, 8 కేవీ వస్తే దాని తప్పేమీ లేదు. ఆపైన లీడ్ వైరు (మెషిన్ నుంచి కంచె దాకా వెళ్లేది) ఒక్కటే తగిలించి కొలవండి. గేటు కింద, షెడ్డు గోడలోంచి ఇంటి వైరింగ్ తీగ వేసి ఉంటే దొంగ దొరికినట్టే. దాని ఇన్సులేషన్ 1100 వోల్టుల కోసం చేసింది, తడిలో వేల వోల్టులను ఆపలేదు. ఫెన్సింగ్ కోసమే అమ్మే డబుల్ ఇన్సులేషన్ కేబుల్‌ను పైపులో వేసి, పైపు కొసలు కిందికి వంచండి. లేకపోతే పైపే బావి అవుతుంది.

అక్కడా బాగుంటే కంచెను కటౌట్ స్విచ్‌తో (కంచెలో ఒక భాగానికి కరెంటు ఆపేది) సగం సగం విడదీస్తూ పోండి. స్విచ్ లేకపోతే ఇప్పుడే రెండు పెట్టించండి, ఒక్క సాయంత్రంలో డబ్బు గిట్టుబాటు అవుతుంది. చీకటి పడ్డాక టార్చి ఆర్పి నడిస్తే పగిలిన ఇన్సులేటర్ దగ్గర నీలం మెరుపు కనిపిస్తుంది, టిక్ టిక్ వినిపిస్తుంది. రాతి కడీల మీద, ఇనుప యాంగిళ్ల మీద ముందు వెతకండి. వయ్యారిభామ, గరిక టేపుకు తగలకుండా కింద అడుగు వెడల్పు చదును ఉంచాలి.

టేపు తెగిన చోట ముడి వేశారా? పోగులు సరిగా ఆనక నిప్పురవ్వలు లేచి కొన్నాళ్లకు ముడి మాడిపోతుంది. రెండు కొసలను కలిపే లోహపు బకిల్ వాడండి. టేపు అట్ట మీద మీటరు పొడవుకు ఎన్ని ఓంలో (కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే లెక్క) కూడా చూడండి. రాగి కలిసినవి అర ఓం లోపే ఉంటాయి. స్టీలు పోగులు మాత్రమే ఉన్న చవక రకం 5 ఓంలు అనుకున్నా 300 మీటర్లకు 1500 అవుతుంది, కంచె చివరికి చేరేసరికి షాక్‌లో పస ఉండదు. కంచె చివర కనీసం 3 కేవీ ఉండాలి.

టేపును కడీకీ కడీకీ మధ్య ఒక మెలిక తిప్పితే గాలికి కొట్టుకోదు. పైవరస నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. టేపు తీసేసి సన్నని జీఐ తీగ లాగుదామని ఎవరైనా చెబితే వినకండి, పరుగులో ఉన్న గుర్రానికి అది కనిపించదు. ముళ్ల తీగకు షాక్ ఇవ్వడం మరీ ప్రమాదం, చిక్కుకున్న గుర్రం బయటపడలేక చీల్చుకుపోతుంది. మెషిన్ లేకుండా 230 వోల్టుల లైను నేరుగా కంచెకు ఇవ్వడం నేరం, మనుషులు చనిపోతారు.

గేటు హ్యాండిల్ కూడా ఒకసారి చూడండి. కొక్కెం తీశాక చేతిలో ఉన్న వైపు షాక్ ఉండకూడదు, కరెంటు గడియ వైపు స్తంభం నుంచి రావాలి.

ఎర్త్ రాడ్ రీడింగ్, మెషిన్ విడి రీడింగ్ రెండూ కొలిచి రాయండి. తర్వాత ఎక్కడ తవ్వాలో చెప్పొచ్చు.